సొంతానికా, కూలోళ్లకా?

రాయి విషయంలో మనల్ని మోసం చేయడం అంత తేలిక కాదు. ఎర్రగుంట్ల నల్లబండ ఏదో, బేతంచెర్ల బండ ఏదో తడిపి చూడకుండానే చెప్తాం. వేలి గణుపుతో బండను తట్టి, వచ్చే చప్పుడును బట్టి లోపల పగులుందో లేదో తేల్చేస్తాం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో నడుం వంచి గులకరాళ్ల మధ్య వజ్రాన్ని వెతికేవాళ్లు మనవాళ్లే. ప్రొద్దుటూరులో అరగ్రాము బంగారమైనా గీటురాయి మీద గీసి చూడందే తీసుకోం. హాల్‌మార్కు పక్కనున్న ఆరక్షరాల నంబరును భూతద్దం పెట్టి చదువుతాం. ఇంత కన్నూ ఇంత అనుమానమూ ఉన్నవాళ్లం, ఆ రాయిని పగలగొట్టే ఇనుమును కొనేటప్పుడు మాత్రం రంగు చూస్తున్నాం. ఒంటికి ఎర్రరంగు, మొనకు వెండి పూత, నడుమ ఒక స్టిక్కరు ఉంటే అది మంచి గడ్డపార.

తెలియక చేశామని రాసుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ తెలిసే చేశాం. కర్నూల్లోనైనా కడపలోనైనా ఇనుప సామాన్ల అంగడికి పోయి నాలుగు గడ్డపారలో పది సలకపారలో కావాలని అడిగి చూడండి. అంగడాయన ధర చెప్పే ముందు ఒక మాట అడుగుతాడు: "సొంతానికా సార్, కూలోళ్లకా?"

సొంతానికంటే లోపలి గదిలోంచి బరువైన సరుకు తెస్తాడు. కూలోళ్లకంటే వాకిట్లో కట్టగట్టి నిలబెట్టినవి చూపిస్తాడు. ఆ ప్రశ్నకు మనలో నొచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మేస్త్రీ, కాంట్రాక్టరు, చీనీ తోట రైతు, లోను తీసుకుని ఇల్లు కట్టుకునే పంతులు అందరం ఒకే జవాబు చెప్పాం. చెప్పి, పైగా పది రూపాయలు తగ్గించమన్నాం. అంగడాయన మీద కోపం తెచ్చుకోవడానికి లేదు. మన మనసులో ఉన్న లెక్కనే ఆయన పైకి చదివాడు.

కొనే చెయ్యి వేరు, పట్టే చెయ్యి వేరు. నాసి పనిముట్టు ఇన్నేళ్లుగా అమ్ముడుపోవడానికి అసలు కారణం ఇదే. మిగిలిన యాభై రూపాయలు మన జేబులోకి వస్తాయి, బొబ్బలు ఇంకొకరి అరచేతిలో లేస్తాయి. మెత్తటి ఇనుముతో చేసిన గడ్డపార మన గరుసు నేలలో, పలుగురాళ్ల మీద పడితే మొదటి రోజు పొద్దువాలేలోగానే మొన ముద్దవుతుంది. ఆ తర్వాత ప్రతి పోటుకూ నేల దిగాల్సినంత దిగదు; దిగని బలమంతా భుజానికి ఎదురు తిరుగుతుంది. నాసి సుత్తి రెండు రకాలుగా చెడుతుంది. మెత్తదైతే తల చుట్టూ అంచు విచ్చుకుంటుంది. పోత పోసిందో, కాల్చి నీళ్లలో ముంచాక పెళుసు విరవకుండా వదిలేసిందో అయితే అంచు పెళ్లలుగా లేస్తుంది. క్వారీలో కంట్లో పెళ్ల పడి ఆసుపత్రికి పోయినవాళ్లను చూశాం. అది రాతి పెళ్లో సుత్తి పెళ్లో ఒక్కసారీ అడగలేదు.

ఇనుము జాతి కనుక్కోవడం మనకు అందని విద్యేమీ కాదు. ఒక మంచి ఆకురాయి చాలు. పదును పట్టిన మొన మీద రుద్దితే ఆకురాయి పట్టు దొరక్క జారిపోతుంది. మెత్తటి ఇనుమైతే కొరుక్కుపోయి పొడి రాలుస్తుంది. సాన చక్రానికి ఆనిస్తే రవ్వలే జాతకం చెప్తాయి. కార్బన్ తక్కువున్న ఇనుము పొడవాటి సాదా గీతలు చిమ్ముతుంది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు చివర్లో చిట్లి కొమ్మలు కొమ్మలుగా విడిపోతాయి. పోత ఇనుము రవ్వ పొట్టిగా, ఎర్రగా వచ్చి ఆరిపోతుంది. కటింగ్ ప్లేయరును మూసి వెలుతురుకేసి పెడితే దవడల మధ్య సందు కనబడుతుంది. పలచటి కాగితం పెట్టి నొక్కితే కోసిందో నలిపిందో తెలుస్తుంది. స్పానరు మీద 'క్రోమ్ వెనేడియం' అని చెక్కినంత మాత్రాన లోపలికి వెనేడియం వచ్చి చేరదు. అయస్కాంతం అంటుకుంటే అసలైన ఉక్కు అని చెప్పే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. అయస్కాంతం రేకు డబ్బాకు కూడా అంటుకుంటుంది.

ఇవన్నీ ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివిన పిల్లలకు తెలుసు. నెలల తరబడి ఇనుప దిమ్మను ఆకురాయితో అరగదీసి నేర్చుకున్న పిల్లలు వాళ్లు. వాళ్లను మన ఊళ్లలో ఏం అడుగుతున్నాం? ఫ్యాను బిగించడం వచ్చా అని. బోరు మోటారు స్టార్టరు కాలిపోతే చేను గట్టు మీదకి పిలుస్తున్నాం. ఆ కుర్రవాడి చేతిలో ప్లేయరు పిడి మీద '1000 వోల్టులు' అని అచ్చేసి ఉంటుంది. ఐఈసీ 60900 ప్రమాణం ప్రకారం నిజంగా పరీక్షించిన పిడికి ఆ అంకె పక్కన జంట త్రికోణాల గుర్తు ఉంటుంది. పీవీసీలో ముంచి తీసిన తొడుగు మీద ఎంత వోల్టేజీ అయినా అచ్చేసుకోవచ్చు. ఆ గుర్తుందో లేదో తిప్పి చూసిన రైతును నేనింతవరకూ చూడలేదు. కరెంటు వచ్చిందా, మోటారు తిరిగిందా, అంతవరకే మనకు కావాల్సింది.

ఈ పరీక్షలేవీ అవసరం లేని కాలం ఒకటుండేది. అప్పుడు పనిముట్టు ఎక్కడ పుట్టిందో అడగనక్కర్లేదు. పుట్టేది మన ఊరి కొలిమిలోనే. ఇది గతాన్ని తలుచుకుని కళ్లు తుడుచుకునే వ్యవహారంగా మార్చడం నాకిష్టం లేదు. కొలిమి దగ్గర కమ్మరిని కూర్చోబెట్టిన కులం లెక్క, కళ్లం దగ్గర నాలుగు చేటల గింజలతో ఏడాది పొడుగునా చాకిరీ చేయించుకున్న లెక్క మనకు తెలియనివి కావు. అయినా అక్కడ జరిగే పని సంగతి చెప్పాలి. ఉలి మొనను బొగ్గుల్లో ఎర్రగా కాలుస్తాడు. దాగలి మీద సాగగొట్టి, మొనను మాత్రం అంగుళం మేర నీళ్లలో ముంచి తీస్తాడు. వెంటనే రాతి ముక్కతో గట్టిగా రుద్దుతాడు, లోహం తళుక్కుమనేదాకా. అప్పుడు చూడాలి. వెనక వేడి మెల్లగా మొనవైపు పాకుతుంటే ఆ మెరిసే చోట రంగులు నడుస్తాయి: ముందు ఎండు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఆ వెనక ఊదా, చివర నీలం. రాతి ఉలికి ఏ రంగు దగ్గర ఆపాలో, కొయ్య ఉలికి ఏ రంగు దగ్గర ఆపాలో అతనికి తెలుసు. ఆ రంగు మొనకు చేరిన క్షణంలో మొత్తం నీళ్లలో ముంచేస్తాడు. ఒక్క క్షణం ముందైతే పెళుసు, ఒక్క క్షణం ఆలస్యమైతే మెత్తన. థర్మామీటరు లేదు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి రాయిలో కనురెప్ప గీత తీయగలుగుతోందంటే, చెయ్యి ఎంత గొప్పదైనా, మొనకు ఆ పదును ఉండి తీరాలి.

ఇక మనం చేసిన నిర్వాకం. అంగట్లో కొన్న చవక గడ్డపార మొన వంగగానే దాన్ని ఆ కమ్మరి దగ్గరికే తీసుకుపోయాం. కాల్చి, కొట్టి, ముంచి, ఆకురాయి పెట్టి చూసి అతను చెప్పాడు: "ఇందులో ఏం లేదన్నా, పదును నిలవదు." అతను చెప్పింది అక్షరాలా నిజం. కార్బన్ చాలనంత తక్కువున్న ఇనుమును ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. కమ్మరి చేతిలో మంత్రముంటే తప్ప అది ఉక్కు కాదు. మనకు అర్థమైంది వేరు. వీడికి పాత పనితనం పోయిందనుకున్నాం. రచ్చకట్ట మీద కూర్చుని ఆ మాటే నలుగురికీ చెప్పాం. నాసి సరుకు తప్పును తీసుకుపోయి దాన్ని కనిపెట్టిన మనిషి నెత్తిన రుద్దాం. అదే మనిషి లారీ కమాన్ కట్ట ముక్కతో చేసిన మచ్చుకొడవలి మన ఇళ్లలో చూరు కింద ఇంకా కోస్తూనే ఉంది. స్ప్రింగు ఉక్కు ఏదో, కడ్డీ ఇనుము ఏదో అతనికి తెలుసు కాబట్టే తుక్కు అంగట్లో వెతికి ఆ ముక్క తెచ్చుకున్నాడు. కొడవలిని మెచ్చుకున్నాం. అతని మాటను లెక్కచేయలేదు.

చెడిపోయిన ప్రతిదానికీ మనకొక సిద్ధమైన తిట్టు ఉంది: "చైనా మాల్!" ఈ తిట్టు మనకు ఎంత ఉపకారం చేసిందో చెప్పలేను. అది అన్నాక ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. మనం తిట్టే సరుకులో చాలా భాగం సముద్రం దాటి రానేలేదు. మన దేశంలోనే జలంధర్, లూధియానా, నాగౌర్ లాంటి చోట్ల చేతి పనిముట్లు చేసే కార్ఖానాలు బారులు తీరి ఉన్నాయి. అక్కడి మంచి సరుకు విదేశాలకు ఎగుమతి అవుతుంది. టాటా వాళ్ల ఆగ్రికో పారలు గత శతాబ్దం తొలి దశకాల నుంచే ఉన్నాయి. నాసి పని చేసేవాళ్లూ ఈ దేశంలోనే ఉన్నారు. చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలోని యోంగ్‌కాంగ్ ఊరంతా ఇనుప సామాన్లే. అక్కడ ప్రపంచంలోని పెద్ద కంపెనీలకు చేసే సరుకూ దొరుకుతుంది, కిలోల లెక్కన అమ్మే సరుకూ దొరుకుతుంది. ఏది కావాలో ఆర్డరిచ్చేవాడు పెట్టే ధర తేలుస్తుంది. మన టోకు వ్యాపారి పెట్టిన ధర వెనక మనం బేరమాడిన పది రూపాయలున్నాయి.

పుట్టిన ఊరిని బట్టి సరుకును తిట్టడం మనతోనే మొదలు కాలేదు. జర్మనీలోని జోలింగెన్ కత్తుల మీద ఇంగ్లండు షెఫీల్డ్ పేరు కొట్టి అమ్ముతున్నారని ఆంగ్లేయులు గగ్గోలు పెట్టి, 1887లో చట్టం చేసి, పరాయి సరుకు మీద దేశం పేరు వేయించారు. 'మేడ్ ఇన్ జర్మనీ' అలా ఒక శిక్షగా పుట్టిన ముద్ర. కొన్నేళ్లకే జనం ఆ ముద్ర వెతుక్కుని కొనడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన సంతల్లో 'జర్మన్ టెక్నాలజీ' అని రాసిన స్క్రూడ్రైవరును చూసి మురిసిపోతున్నాం. టెక్నాలజీ జర్మనీదే కావచ్చు. తయారైంది ఎక్కడో ఆ వాక్యం చెప్పదు.

చెప్పాల్సిన చోటు వేరే ఉంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద తయారీదారు లేదా ప్యాక్ చేసినవాడు లేదా దిగుమతి చేసుకున్నవాడి పేరు, చిరునామా ఉండాలి. ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయాల్సిన నంబరు ఉండాలి. బయటి సరుకైతే ఏ దేశందో రాయాలి. అట్ట వెనకాల చీమంత అక్షరాల్లో ఇదంతా ఉంటుంది, లేదా ఉండాల్సింది ఉండదు. 'మార్కెటెడ్ బై' అని ఒక పేరు మాత్రమే కనిపిస్తే, చేసిందెవరో అని అనుమానం రావాలి. ఐఎస్ఐ ముద్ర ఉంటే దాని పైన ప్రమాణం సంఖ్య, కింద లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో దొంగదో తేలుతుంది. గడ్డపారకూ ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 704. ఫోన్లో సినిమా టికెట్ కొనడం వచ్చిన మనకు ఈ నంబరు కొట్టడం రాదా? ఇక విడిగా, కట్టలుగా అమ్మే పారలకూ కొడవళ్లకూ అట్టే ఉండదు, బిల్లూ ఉండదు. బిల్లడిగితే ధర పెరుగుతుందని మనమే అడగం. చేతి వ్యవసాయ పనిముట్లకు జీఎస్టీ సున్నా అన్న సంగతి తెలిస్తే ఆ భయం కూడా ఉండేది కాదు.

ప్రభుత్వం పంచినప్పుడూ మన తీరు ఇంతే. 2018లో రాష్ట్ర ప్రభుత్వ ఆదరణ-2 పథకం కింద చేతివృత్తులవాళ్లకు పనిముట్లు వచ్చాయి. ప్రభుత్వం మారాక పంచకుండా మిగిలినవి ఏళ్లపాటు గదుల్లో పడి ఉన్నాయని పేపర్లో చదివి పేజీ తిప్పేశాం. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. అందులో కమ్మరి ఉన్నాడు. సుత్తులూ పనిముట్లూ చేసేవాడు విడిగా ఇంకో వృత్తిగా ఉన్నాడు. అతనికీ పనిముట్ల కోసం రూ.15,000 వోచరు ఇస్తారు. పనిముట్లు చేసేవాడికి పనిముట్ల పెట్టె బయటినుంచి వస్తుంది! అందులో ఏముండాలో అతన్ని అడగాలని, వచ్చిన సుత్తిని అతని చేత ఆకురాయి పెట్టించి చూడాలని మన ఊరి సభల్లో ఎవరమూ లేచి అనలేదు. ఫొటో దిగడానికి మాత్రం ముందు వరసలో నిలబడ్డాం.

ఉక్కు మీద మనకు ప్రేమ లేదని కాదు. 'కడప ఉక్కు రాయలసీమ హక్కు' అని బందులు చేశాం. జమ్మలమడుగు ప్రాంతంలో ఆ ఫ్యాక్టరీకి 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలో భూమిపూజలో జరుగుతూనే వచ్చాయి, ప్రతిసారీ చప్పట్లు కొట్టాం. కొట్టినవాళ్లలో ఎంతమంది ఇంటి గడ్డపార ఉక్కుదో చూసుకున్నారు? హక్కుగా అడిగిన వస్తువును అంగట్లో గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నాం.

అన్నిటికంటే తలెత్తుకోలేనిది ఉపాధి హామీ పనుల దగ్గర. 2006 ఫిబ్రవరి 2న మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం అది. కర్నూలు పడమటి పల్లెల్లో సుగ్గికి వలస పోకుండా మిగిలినవాళ్లు ఎండాకాలమంతా ఆ పనులతోనే బతికారు. గడ్డపార ఇంటినుంచి తెచ్చుకుంటారు, అంటే వాకిట్లో కట్టగట్టి నిలబెట్టినవాటిలోంచి కొనుక్కున్నదే. కూలి తవ్విన మట్టి కొలతను బట్టి. రాతి గరుసులో మొన ముద్దయిన గడ్డపారతో తవ్వితే గుంత లోతు తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. గట్టు మీద నీడలో నిలబడి, "పని ఎవరు చేస్తున్నారయ్యా, కూర్చుని లేస్తున్నారు" అన్నది మనమే. గుంతలోకి దిగి ఆ గడ్డపార ఒకసారి చేతికి తీసుకున్నవాళ్లం కాము. లోతు తగ్గినందుకు కారణం రాయడానికి మస్టరులో గడి లేదు. ఉన్నా అందులో సోమరితనం అనే రాసి ఉండేవాళ్లం.