ఏ చెట్టుకు పాట వచ్చో ఎవరు చెప్పాలి?

"గిటార్ మనది కాదు, మన పిల్లలకెందుకు?" అనే మాట మన సభల్లోనూ ఉపాధ్యాయుల గదుల్లోనూ తరచూ వింటున్నాం. పట్నంలో వాయిద్యాల దుకాణానికి పోతే ఇంకో మాట వినబడుతుంది: "మీ అడవి చెక్కతో గిటార్ రాదు, దానికి వేరే చెక్కలుంటాయి." మొదటి మాట మనవాళ్లది, రెండోది బయటివాళ్లది. ఒకరు వాయించొద్దంటారు, ఇంకొకరు చేయలేవంటారు. ఇద్దరూ కలిసి మన పిల్లల చేతులు కట్టేస్తున్నారు. ఈ రెండు మాటలూ తప్పని మేము అంటున్నాం.

మా వాదన సూటిగా చెబుతాం. ప్రతి ఆశ్రమ పాఠశాలలో పిల్లలు తమ చేతులతో కనీసం ఒక్క గిటార్ తయారు చేయాలి. కొన్న చెక్కతో కాదు. గుమ్మడి టేకుతో, పనసతో, కూలిన పాత ఇంటి తలుపు చెక్కతో, ఏ కంపెనీ జాబితాలోనూ లేని చెక్కతో చేయాలి. అదే బల్ల మీద డోలు, కిన్నెర కూడా చేయాలి. పాట అంగట్లో దొరికే సరుకు అని నమ్మే తరాన్ని మనం తయారు చేయకూడదు.

ముందు మనవాళ్ల మాట చూద్దాం. పరాయి వాయిద్యం ముట్టుకుంటే సంస్కృతి చెడుతుందంటున్నారు. మరి భజన మందిరంలో మోగే హార్మోనియం ఎక్కడిది? ఐరోపా నుంచి వచ్చింది. సురభి నాటకాలు దాని మీదే పద్యాలు పాడాయి. వయొలిన్ ఎక్కడిది? అదీ అక్కడిదే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాని మీద కర్ణాటక సంగీతం పలికిస్తే ఆయన ఇంగ్లీషువాడైపోయాడని ఎవరూ అనలేదు. అది మన సంప్రదాయమే అన్నారు, విగ్రహాలు పెట్టుకున్నారు. పరాయి వాయిద్యం ఊళ్లోవాళ్ల చేతికి వస్తే సంప్రదాయం పెరగడం, గూడెం పిల్లవాడి చేతికి వస్తే సంస్కృతి చెడిపోవడం! ఈ రెండు తూకాలు మనమెందుకు ఒప్పుకోవాలి?

మనం మారకుండా ఉండాలని ఎక్కువగా కోరుకునేది ఎవరో కూడా చూడండి. పెద్ద మనిషి వస్తే కొమ్ములు పెట్టించి, డోళ్లు కట్టించి, ఎండలో గంటలకొద్దీ నిలబెట్టి స్వాగతం చెప్పించుకునేవాళ్లే. వాళ్లకు మన వాయిద్యం ఫొటోలోకి కావాలి. దాన్ని ఎవరు చేశారు, ఏ చెక్కతో చేశారు, చేసే మనిషి తర్వాత ఎవరు చేస్తారు అన్నది వాళ్లకు పట్టదు.

అయితే మన పెద్దల భయంలో నిజం ఉంది. గూడేల్లో పెళ్లిళ్లకు డీజే పెట్టెలు వచ్చాక డోలు గోడకెక్కింది. డీజే పెట్టెకు వాయించే చెయ్యి అక్కర్లేదు, చేసే చెయ్యి అసలే అక్కర్లేదు. అద్దె కడితే చాలు. మన వాయిద్యాన్ని మింగింది ఆ అద్దె పద్ధతే కానీ గిటార్ కాదు. చెక్క తొలిచి, ఆరబెట్టి, చెవి ఆనించి విని చేసే గిటార్‌కు చుట్టరికం డీజే పెట్టెతో కాదు, డోలుతో. ఉలి పట్టడం వచ్చిన పిల్లవాడు రేపు డోలు కూడా తొలుస్తాడు. ఉలి పట్టని పిల్లవాడు రెండూ కొనుక్కుంటాడు.

ఇక దుకాణదారు మాట. "మంచి గిటార్‌కు రోజ్‌వుడ్ ఉండాలి" అంటాడు. ఆ రోజ్‌వుడ్ అంటే ఏమిటనుకున్నారు? మనం జిట్రేగి అనే చెట్టు. కొన్ని చోట్ల ఇరుగుడు అంటారు. దానికి ఆ గొప్ప ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలోని మార్టిన్ కంపెనీ మొదట తన పెద్ద గిటార్ల వీపుకూ పక్కలకూ బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడేది. అది దొరకడం కష్టమైపోయి 1969లో ఇండియా జిట్రేగికి మారింది. అంటే ఇవాళ దుకాణదారు ప్రామాణికం అంటున్న చెక్క ఒకనాడు బదులుగా వచ్చిన చెక్కే. చెట్టులో కొత్త గుణమేదీ పుట్టలేదు, కొనేవాడి అవసరం మారింది. అవసరం వాళ్లదైనప్పుడు జిట్రేగికి గొంతు వచ్చింది. అవసరం మనదైనప్పుడు గుమ్మడి టేకుకు ఎందుకు రాదు?

ఈ గొప్పల మీద వాళ్ల దేశాల్లోనే అనుమానాలున్నాయి. స్పెయిన్‌లో ఇప్పటి గిటార్‌కు రూపమిచ్చిన ఆంటోనియో దె టోరెస్ 1862లో ఒక గిటార్ చేశాడు. పై పలక మాత్రమే చెక్క. వీపు, పక్కలు కాగితపు అట్ట. శబ్దానికి ప్రాణం పై పలకలో ఉందని చూపించడానికే ఆ పని చేశాడు. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. 1995లో అమెరికాలో బాబ్ టేలర్ సరుకు కింద వేసే పాత చెక్క దిమ్మెలను ఏరి గిటార్ చేశాడు. మంచి చెక్క కన్నా మంచి పనితనం ముఖ్యమని చెప్పడానికి చేశాడు. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పరీక్ష ప్రచురించారు. ఒకే పనివాడితో, ఒకే కొలతలతో ఆరు గిటార్లు చేయించారు. వీపు, పక్కల చెక్క మాత్రమే వేరు. ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్, మన జిట్రేగి, ఇంకా చవక చెక్కలూ ఉన్నాయి. మసక వెలుతురులో, కళ్లద్దాలు పెట్టించి 52 మంది గిటార్ వాద్యకారుల చేత వాయించారు. ఖరీదైన చెక్కకు వాళ్లు ఎక్కువ మార్కులేమీ వేయలేదు.

చెక్కతో పని లేదని దీని అర్థం కాదు. పై పలక తేలికగా, బిగువుగా ఉండాలి. చెక్క బాగా ఎండాలి. పలకను మానుకు నడుమ నుంచి బెరడు వైపుకు నిలువునా చీల్చాలి. లేకపోతే వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో పగులుతుంది. ఇనుప తీగల గిటార్‌లో ఆరు తీగలూ కలిసి 70 నుంచి 80 కిలోల బరువుతో లాగుతాయి. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల పలక ఆ లాగుడుకు నిలవాలంటే లోపల సన్నని బద్దలు ఎక్కడ అతికించాలో తెలియాలి. నైలాను తీగలైతే లాగుడు దాదాపు సగమే. అందుకే బడిలో నైలాను తీగల గిటార్‌తో మొదలుపెట్టాలంటాం.

ఈ తెలివి మనకు కొత్తదేమీ కాదు. వేలి కణుపుతో కొట్టి మానులో తొర్ర ఉందో లేదో చెప్పే పెద్దలు ప్రతి గూడెంలో ఉన్నారు. పురుగు పట్టకుండా వెదురును ఏ రోజుల్లో నరకాలో వాళ్లకు తెలుసు. బాణపు కర్ర వంకరను నిప్పు సెగ మీద సరిచేయడం తెలుసు. గిటార్ పక్కల పలకలను వేడి గొట్టం మీద వంచేవాడు చేసేదీ అలాంటి పనే. గుమ్మడి టేకు తేలిక, ఉలికి లొంగుతుంది, ఎండాక వంకర పోదు. అందుకే డోళ్ల పనికి దానికి పేరు. పనస సంగతి చెప్పక్కర్లేదు. బొబ్బిలి వీణను ఒకే పనస మాను నుంచి తొలుస్తారు. వీణకు పనికొచ్చిన పనస గిటార్‌కు పనికిరాదని చెప్పే ధైర్యం ఏ దుకాణదారుకు ఉంది?

మా ఎర్రుపాలెంలో రైలెక్కి విజయవాడ వైపు పోతే దారిలో కొండపల్లి వస్తుంది. అక్కడి బొమ్మలు తెల్ల పొణికి చెక్కవి. బరువులేని ఆ కట్టెను పొయ్యిలో పెట్టినా సరిగా మండదని తీసిపారేసేవాళ్లున్నారు. చేతిపనివాళ్లు దానికి పేరు తెచ్చాక అది దేశమంతా తిరిగింది. చెక్క విలువ చెట్టులో సగమే ఉంటుంది. మిగతా సగం దాన్ని పట్టుకున్న చేతిలో ఉంటుంది. మన అడవి నుంచి చెట్టు పోయింది, విలువ మాత్రం మన చేతికి రాలేదు.

చెట్టు పోవడం గురించి చెప్పాలంటే శేషాచలం వైపు ఒకసారి చూడాలి. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం ఉంది. దాని దండికి అన్నిటికన్నా గొప్పదిగా చెప్పుకునే చెక్క ఎర్రచందనం. ఆ చెట్టు సొంత నేల శేషాచలం చుట్టుపక్కల కొండలు. ఆ కొండల్లోనే 2015 ఏప్రిల్ 7న 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లలో తమిళనాడు జవ్వాది కొండల ఆదివాసులు ఉన్నారు. చెట్టు ఒక్కటే. దాన్ని వాయిద్యంగా మలిచినవాడు కళాకారుడు, మోసిన కూలీ మాత్రం శవం. దొంగ రవాణాను మేము సమర్థించడం లేదు. మన మనుషులు చెక్కను మోయడం వరకే పనికొస్తారు, మలచడానికి పనికిరారు అనే ఏర్పాటును ప్రశ్నిస్తున్నాం.

చట్టం ఒప్పుకోదని కొందరు ఉపాధ్యాయులు భయపడతారు. చట్టం చదువుదాం. 2006 అటవీ హక్కుల చట్టం కలపను చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చలేదు, నిజమే. కానీ వెదురు, పొదల కట్టె, చెట్ల మొదళ్లు, బెత్తం అందులో ఉన్నాయి. కిన్నెర దండికి వెదురు చాలు, మెట్లు అతికించడానికి తేనె మైనం చాలు. జీవ వైవిధ్యానికీ సంస్కృతికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని అదే చట్టం సెక్షన్ 3లో రాసి ఉంది. గ్రామసభ ఒప్పుకుంటే బడి లాంటి సౌకర్యాల కోసం హెక్టారుకు 75 చెట్ల వరకు తీయడానికి కూడా ఆ చట్టమే దారి ఇచ్చింది. బడి గోడ కోసం చెట్లు తీయవచ్చు కానీ బడిలో పాట కోసం గాలికి కూలిన ఒక్క మాను అడగకూడదా? మహారాష్ట్ర గడ్చిరోలిలో మేండా లేఖా అనే గోండు గ్రామం అడిగింది. 2009లో సామూహిక హక్కు పత్రం తెచ్చుకుంది. 2011లో తన వెదురును తానే అమ్ముకునే అనుమతి సాధించింది. అడిగింది వెదురే, కానీ గ్రామసభగా కూర్చుని అడిగింది.

అడవి చెక్క దొరికేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. పాత తలుపులు, విరిగిన మంచం కోళ్లు, మూలపడ్డ ఎడ్లబండి చెక్కలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎండిన చెక్క కోసం గిటార్ పనివాళ్లు వెతుక్కుంటారు. మనం దాన్ని పొయ్యిలో పెడుతున్నాం.

సమయం ఎక్కడుంది అంటారా? 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక చేతిపనివాళ్ల దగ్గర పని నేర్పమంది. వడ్రంగం పేరు అందులో రాసే ఉంది. ఆ పది రోజుల్లో చార్టులు అతికించి సరిపెట్టకండి. పాఠం పోతుందనే బెంగ వద్దు. గిటార్ దండి మీద మెట్లు పెట్టడమే ఒక లెక్కల పాఠం. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 36.5 వస్తుంది. మొదటి మెట్టు అక్కడ. మిగిలిన 613.5ను మళ్లీ అదే అంకెతో భాగిస్తే 34.4. రెండో మెట్టు మొదటిదానికి అంత దూరం. ఇలా పోగా పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 325 దగ్గర పడుతుంది. భాగహారం తప్పితే మెట్టు తప్పుతుంది, మెట్టు తప్పితే స్వరం తప్పుతుంది. తప్పును ఎర్ర సిరా కన్నా ముందు చెవి పట్టుకుంటుంది. ఇంతకన్నా మంచి లెక్కల మాస్టారు ఎవరు?

ఆలస్యం చేయడానికి లేదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు మీద మన సమ్మక్క సారలమ్మల కథ చెప్పిన కోయ కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. అదే 2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికీ పద్మశ్రీ ఇచ్చారు. బిరుదులు ఇచ్చినందుకు సంతోషమే. కానీ ఆ డోలు తొలవడం, ఆ కిన్నెర కట్టడం ఎన్ని ఆశ్రమ పాఠశాలల్లో నేర్పుతున్నాం? భద్రాచలం ఐటీడీఏ మ్యూజియంలో మన వస్తువులు ఉన్నాయి. ఉండాలి కూడా. అయితే అద్దం వెనక ఉన్న వాయిద్యాన్ని పిల్లలు చూడగలరు గానీ విప్పి, కొలిచి, అలాంటిది ఇంకొకటి చేయలేరు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులారా, వచ్చే ఏడాది ఆ పది రోజులను వాయిద్యాల పనికి రాసుకోండి. గూడెంలో చెక్క తెలిసిన పెద్దను బడికి పిలవండి. అతిథిగా దండ వేసి పంపకండి, గురువుగా గౌరవ వేతనం ఇప్పించండి. గ్రామసభలో కూర్చుని, కూలిన మానుల మీద బడికి హక్కు కావాలని తీర్మానం రాయించండి. రాసి మీ దగ్గరే ఉంచుకోకండి, అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, గిటార్ కొనడానికి డబ్బుల్లేవని సిగ్గుపడకండి. ముందు డోలు చేసే తాత దగ్గరికి వెళ్లి, గుమ్మడి టేకు పలకను చేతిలోకి తీసుకుని ఎలా కొట్టి వినాలో అడగండి. మీరు చేసే మొదటి గిటార్ బాగా మోగకపోవచ్చు. ఎందుకు మోగలేదో రాసి పెట్టండి, పలక మందం, చెక్క పేరు, ఆరబెట్టిన రోజులతో సహా. రెండో గిటార్‌కు ఆ కాగితమే మన పాఠ్యపుస్తకం.