అరవంలో ఆరాధన

సెలవులకి ఊరుగాని ఊరు వెళ్ళినవారికి ఆరు రోజులు హాయిగానే గడుస్తాయి. చిక్కల్లా ఏడో రోజుతోనే. ఇంటిదగ్గర ఉంటే గంట వినబడగానే కాళ్ళు వాటంతటవే గుడివైపు నడుస్తాయి. పరాయి ఊళ్ళో ఆ గంట "రండి" అంటున్నదో, "ఎవరు మీరు?" అంటున్నదో తెలియదు.

మాది గుంటూరు. 1842లో హయ్యర్ పాదిరిగారు అమెరికా నుంచి వచ్చి లూథరన్ మిషన్ పెట్టిన ఊరు. తాతలనాటి నుంచీ మా ఇంట్లో ఆదివారం గుడి తప్పడమన్నది లేదు. కిందటి వేసవిలో తమిళనాడులో తరంగంబాడి వెళ్ళాము. సముద్రపు టొడ్డున చిన్న ఊరు. డేన్మార్కువారు 1620లో కట్టిన కోట ఇంకా నిలిచే ఉంది. పిల్లలకి అలలు, మాకు చల్లగాలి. రోజులు తెలియకుండా పోయాయి.

శనివారం రాత్రి అమ్మ అడగనే అడిగింది: "రేపు గుడి సంగతి ఏమిట్రా?"

"ఉందమ్మా. మన లూథరన్ గుడే. కాని అంతా అరవం."

"అరవంలో చేస్తే నాకు ఆరాధన అవుతుందిట్రా? ఒక్క ముక్క బోధపడదే! ఊరికే కూర్చుని రావడానికి గుడెందుకు, ఇసుకలో కూర్చుంటే చాలదూ?"

నవ్వుతూనే అంది గాని, లోపల బాధ ఉంది. నాన్న పోయిన తరువాత వారమంతటికీ ఆమెకి ఆసరా ఆ ఒక్క పూటే. ఆ పూట చెవిన పడ్డ మాటను పట్టుకునే మిగతా ఆరు రోజులూ ఈదుతుంది. మాటే బోధపడకపోతే ఇక పట్టుకునేది దేన్ని?

అమ్మది చాదస్తమని నేననను. లూథరు 1522లో కొత్త నిబంధనను జర్మను భాషలో అచ్చు వేయించింది ఈ బాధ తీర్చడానికే కదా! తరంగంబాడి కథ కూడా అదే. 1706లో ఇక్కడ ఓడ దిగిన జీగెన్‌బాల్గ్ అనే జర్మను పాదిరి, బడిపిల్లల మధ్య కూర్చుని ఇసుకలో వేలితో దిద్ది తమిళం నేర్చుకున్నాడు. 1715 నాటికి తమిళంలో కొత్త నిబంధన ఈ ఊళ్ళోనే అచ్చయింది. 1718లో ఆయన కట్టించిన న్యూ జెరూసలెం గుడికే మేము వెళ్ళినది. ఆయన సమాధి ఆ గుడిలోనే ఉంది.

ఆరాధన మొదలైంది. భాష తెలియలేదు గాని, వరస తెలిసింది. ఇప్పుడు లేస్తారనుకుంటే లేచారు. ఇది పాపపు ఒప్పుకోలు, ఇది సువార్త పఠనం, ఇది విశ్వాస ప్రమాణం అని అమ్మ వేళ్ళమీద లెక్క పెట్టుకుంటోంది. మధ్య మధ్య తెలిసిన మాటలు చుట్టాల్లా పలకరిస్తున్నాయి. "సమాధానం" వారికీ శాంతే, మన బైబిలులోనూ శాంతే. "పరిశుద్ధ ఆవి" అనగానే మా చిన్నమ్మాయి నా చెవిలో, "ఇడ్లీ ఆవిరా నాన్నా?" అంది. వారి ఆవి మన ఆత్మ అని సర్దిచెప్పేసరికి నాకూ నవ్వు ఆగలేదు.

అమ్మ పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. పాట మొదలు కాగానే తన పుస్తకం అమ్మ ఒళ్ళో పెట్టి, వరసవరసనా వేలు పెట్టి చూపించసాగింది. అమ్మకి తమిళంలో ఒక్క అక్షరం రాదు. అయినా పాట పూర్తయ్యేదాకా ఆ వేలి వెంటే కళ్ళు నడిపింది.

తరువాత పరలోక ప్రార్థన. అందరూ తమిళంలో మొదలు పెట్టారు. అమ్మ కళ్ళు మూసుకుని, బెదురు లేకుండా, పైకే తెలుగులో మొదలు పెట్టింది. వారిది ముందు ముగిసింది. గుడి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో అమ్మ గొంతు ఒక్కటే ఇంకో వాక్యం నడిచి "ఆమెన్" దగ్గర ఆగింది. ఎవరూ తిరిగి చూడలేదు. పక్కనున్న ముసలావిడ మాత్రం రెండోసారి "ఆమెన్" అంది.

బయటికి వచ్చాక, "ఆరాధన అయిందా అమ్మా?" అని అడిగాను.

"అయింది. నాది నేను తెచ్చుకున్నానుగా!" అంది.

ఆ మాటలో చాలా ఉంది. ఆ ప్రార్థన చిన్ననాడే సొంత భాషలో గొంతున పడబట్టే, పరాయి భాష నడుమ కూడా ఆమెకి తోడు వచ్చింది. ఆ తెలుగుకీ ఈ ఊరికీ సంబంధం ఉంది సుమండీ! 1719లో తరంగంబాడికి వచ్చిన షుల్జ్ పాదిరి, తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. స్వదేశానికి వెళ్ళి 1746, 47 సంవత్సరాల్లో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు.

ఇది మా ఒక్కరి గొడవే కాదు. ధనుర్మాసంలో మన వైష్ణవాలయాల్లో తిరుప్పావై వినే తెలుగువారిలో తమిళం వచ్చినవారెందరు? అయినా తెల్లవారుజామునే లేచి వెళ్ళడం మానరు.

కనుక సెలవుల్లో ఆదివారం ఎదురైతే జంకకండి, వెళ్ళండి. అంతకన్నా ముఖ్యం, మీ ఊరి గుడిలో వెనక బల్లమీద ఎవరైనా కొత్తవారు బిక్కుబిక్కుమంటూ కనబడితే, ఊరూ పేరూ తరువాత అడగవచ్చు. ముందు పుస్తకం తెరిచి చేతికివ్వండి. వరస మీద వేలు పెట్టి చూపించండి.