పేరొక్కటే చూస్తే సరిపోదు!

‘ఏ కంపెనీ ల్యాప్‌టాప్ మంచిదన్నా?’ ఫైనలియర్‌కి రాగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది. నన్నడిగితే, మీరు చూడాల్సింది కంపెనీని కాదు, మోడల్‌ని. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ ఆఫీసు వాడకం కోసం గట్టిగా చేసినవి. అవే కంపెనీల చౌక మోడళ్లలో ఆ గట్టిదనం ఆశించలేం.

కొత్తవి కొనే స్తోమత లేదా? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్‌హ్యాండ్‌వి చూడండి. కానీ జాగ్రత్త! విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11 నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరం, ఆపై ప్రాసెసర్లే ఎంచుకోండి. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందో లేదో కూడా అడగండి. కొన్నింట్లో అది బోర్డుకే అతికి ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం సర్వీస్ సెంటర్. ఆన్‌లైన్ టెస్టుకు రెండ్రోజుల ముందు నా ల్యాప్‌టాప్ ఆగిపోయింది. బ్రాండు పెద్దదే, సర్వీస్ సెంటరే మా ఊరికి వంద కిలోమీటర్లు! చివరికి రూమ్మేట్ ల్యాప్‌టాప్ అడుక్కుని పరీక్ష రాశా.

ఈఎంఐ కట్టేది అమ్మానాన్నలు. షోరూంలో అడుగుపెట్టే ముందే మీ ఊళ్లో దాన్ని బాగుచేసేవాళ్లెవరో కనుక్కోండి.