సంఘపు ఉత్తరము ఎవరి పేర వెళ్లవలెను?

మిరపకాయలను, పసుపును దూరపు వర్తకులకు నేరుగా అమ్మజూచు సంఘములు కొన్ని ఇప్పుడు ఈమెయిలు ద్వారా ఉత్తరములు వ్రాయుచున్నవి. ఇది సంతోషింపదగినదే. కాని ఆ యుత్తరములు ఏ చిరునామా నుండి వెళ్లుచున్నవో పాలకవర్గములు విచారించుచున్నట్లు, ప్రదర్శన క్షేత్రములకై ఊరూర తిరుగు మాకు తోచలేదు. కొందరు ‘ఇన్‌ఫో’ అను, మనిషి పేరు లేని చిరునామా నుండి పంపుదురు. కొందరు కార్యదర్శి సొంత జీమెయిలు నుండి పంపుదురు.

‘ఇన్‌ఫో’, ‘సేల్స్’ అను పేర్లు నిష్ప్రయోజనములు కావు. 1997లో వెలువడిన ఇంటర్నెట్టు ప్రమాణపత్రము 2142లోనే ఇవి వ్యాపార సంస్థలకు సూచింపబడినవి. మనిషి మారినను చిరునామా మారదు గనుక సంచులమీదను, బిల్లులమీదను అచ్చువేయుటకు ఇవియే తగినవి. అయితే ఎరుగని వర్తకునకు వ్రాయు మొదటి యుత్తరమునకు ఇవి చాలవు. తేమ శాతమెంత, తొడిమ తీసిన కాయయా, కోల్డు స్టోరేజీలోని సరుకా యని అడుగదలచిన వర్తకుడు, అడుగుటకొక మనిషిని కోరును.

కావున ఆ యుత్తరము కార్యదర్శి పేరుతోనే వెళ్లవలెను. చిరునామా మాత్రము సంఘపు సొంత డొమెయినులోనిదై యుండవలెను. ఈ విషయమున మేము రాజీపడజాలము. సొంత జీమెయిలు వాడిన కార్యదర్శి పని మానిననాడు వర్తకుల యుత్తరములన్నియు అతని ఫోనుతోనే పోవును. నిరుడు ధర యడిగినవాడు ఈ యేడును ఆ పాత చిరునామాకే వ్రాయును. సంఘమునకు అది తెలియనే తెలియదు. సంఘపు లెక్కపుస్తకమును ఎవరైన ఇంటికి పట్టుకొనిపోయినచో సభ్యులు ఊరకుందురా? డొమెయినుకు ఏటేట కట్టు సొమ్ము గోనెసంచుల ఖర్చు ముందర లెక్కకు రాదు. డొమెయిను కొన్నపుడే ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ అను గుర్తింపులను పెట్టించవలెను. జీమెయిలు పెట్టెలకు పంపువారికి ఇందులో నొకటియైన ఉండవలెనని గూగుల్ 2024 ఫిబ్రవరి నుండి విధించినది.

ఎదుటివారి చిరునామా సంగతి వేరు. కొనుగోలు అధికారి తన చిరునామాను తానే ఇచ్చియున్న నేరుగా వ్రాయవచ్చును. పేర్లు ఊహించి ఇరువదిమందికి విసరుట మర్యాద కాదు. 2018 మే 25 నుండి ఐరోపా సమాఖ్యలో అమలులోనున్న డేటా రక్షణ నిబంధనల ప్రకారము పేరుగల చిరునామా వ్యక్తిగత సమాచారమే. పేరు తెలియనిచోట వారి ‘ఇన్‌ఫో’కే, ‘కొనుగోలు శాఖాధికారిగారికి’ అని తలకట్టు పెట్టి వ్రాయుడు.

మన ‘ఇన్‌ఫో’ పెట్టెను ప్రతి యుదయము తెరచుటకు ఇద్దరిని నియమించి, వారి పేర్లను వచ్చు సమావేశపు మినిట్సులో వ్రాయించుడు. కార్యదర్శి మారినపుడు అతని పెట్టెకు వచ్చు జాబులు ఒక యేడాదియైన క్రొత్తవానికి చేరునట్లు ఆనాడే ఏర్పాటు చేయుడు.