లైసెన్సు ఫోన్‌లో ఉంటే సరిపోతుందా?

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. వంతెన దాటగానే జిల్లా కూడా మారిపోతుంది. వాహనాల విడిభాగాలు తయారుచేసే పరిశ్రమలకు పేరుపొందిన ఊరిది. సరుకుతో వంతెన దాటుతున్న ఒక లారీని పోలీసు ఆపాడనుకుందాం. డ్రైవర్ ఫోన్ తీసి లైసెన్సు చూపిస్తాడు. అది చెల్లుతుందా?

ఏది చూపించాడన్న దాన్ని బట్టి ఉంటుంది. డిజిలాకర్ ద్వారా జారీ అయిన పత్రాలకు 2017 ఫిబ్రవరిలోనే అసలు పత్రాలతో సమాన హోదా వచ్చింది. 2018 నవంబరులో కేంద్ర మోటారు వాహన నియమాలూ ఎలక్ట్రానిక్ పత్రాలను అంగీకరించాయి. ప్లాస్టిక్ కార్డును ఫొటో తీసి గ్యాలరీలో దాచుకుంటే మాత్రం అది వట్టి బొమ్మే.

తేడా అంతా డిజిటల్ సంతకంలో ఉంది. జారీ చేసే కార్యాలయం పత్రంలోని సమాచారం నుంచి 'హ్యాష్' అనే సంఖ్యను లెక్కగట్టి, తన దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంచెవితో సంతకం చేస్తుంది. బహిరంగ తాళంచెవితో దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. పుట్టిన తేదీలో ఒక్క అంకె మార్చినా లెక్క తప్పుతుంది. ఆ తాళంచెవి పరికరంలో ముందే ఉంటే ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. లైసెన్సు రద్దయిందో లేదో తెలియాలంటే మాత్రం డేటాబేసును అడగాల్సిందే.

చిక్కు ఇక్కడే. వివరాలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిపోలితే తనిఖీకి కాగితం అడగకూడదని 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న నియమం చెబుతోంది. బాగానే ఉంది. మరి సర్వర్ పలకకపోతే? అధికారి చేతిలో పరికరమే లేకపోతే? సరుకు ఆలస్యమై కూలి పోగొట్టుకునేది డ్రైవర్. సరిచూసే సాధనం ప్రభుత్వానిది, అది మొరాయిస్తే బాధ్యత కూడా ప్రభుత్వానిదేనని నియమంలో స్పష్టంగా రాయాలి.

ఇంకో సంగతి. మొబైల్ లైసెన్సులకు 2021లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 18013-5, అవసరమైన వివరాన్ని మాత్రమే పంపే వీలు కల్పించింది. అదీ బ్లూటూత్ ద్వారా, నెట్‌వర్క్ లేకుండానే. కర్మాగారం గేటు దగ్గర కాపలాదారుకు డ్రైవర్ ఇంటి చిరునామాతో పనేముంది? ఏ తరగతి బండికి, ఎప్పటిదాకా చెల్లుతుందో తెలిస్తే చాలు. ప్లాస్టిక్ కార్డు అన్నీ ఒకేసారి బయటపెడుతుంది, ఫోన్ దాచగలదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చాక కూడా, కార్డు బొమ్మను యథాతథంగా తెరకెక్కించి దాన్నే డిజిటల్ అనుకోవడం మన బద్ధకం తప్ప మరొకటి కాదు.

ఈలోగా ఆ డ్రైవర్ పాత కార్డును జేబులో ఉంచుకోవడమే మేలు. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఏ సంతకమూ అక్కరకు రాదు.