పేటలో టైల్స్ వేస్తే ఎవరికి నొప్పి?



మా ఇంట్లో పాత బేతంచెర్ల బండలు పీకించి టైల్స్ వేయిస్తున్నామని పోయినవారం రాశాను. అప్పట్నుంచీ ఒకటే మాట చెవిన పడుతోంది. "ఏంటండీ, మీరు కూడా టైల్సేనా? లెవెల్ పెరిగిందే!" ఆ "మీరు కూడా"లోనే ఉంది అసలు సంగతంతా. బెంజ్ సర్కిల్ వైపు ఫ్లాట్లో చెక్క ఫ్లోరింగ్ వేయిస్తే అది టేస్టు. మనం అడుగు నలభై రూపాయల టైల్ కొంటే అది పొగరు.

ఇది కొత్త రోగం కాదు. జైపూర్ సంస్థానంలోని చక్వారా అనే ఊరి సంగతి అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. విందులో నెయ్యి వడ్డించారని అంటరానివాళ్ల మీద వందలమంది లాఠీలతో పడ్డారు. వాళ్ల నెయ్యి, వాళ్ల విందు. అయినా సహించలేకపోయారు. ఇవాళ చేతిలో లాఠీ లేదు, నోట్లో వెటకారం ఉంది. అంతే తేడా.

మన డెల్టా ఊళ్లలో నేల చూస్తే కులం తెలిసేది. ఆసామి ఇంటికి ముందు గచ్చు, తర్వాత మొజాయిక్, ఇప్పుడు గ్రానైట్. దాని మీద మన కాలు పడకూడదు, వాకిట్లోనే నిలబడాలి. పేటలో మాత్రం మట్టి నేల. మన అమ్మమ్మలు ఆసామి గొడ్లచావిట్లో పేడ ఎత్తి, ఇంటికొచ్చి ఆ నడుముతోనే సొంత నేల అలికేవాళ్లు. పేట ఉండేది పల్లంలో. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. ఎన్నిసార్లు అలికినా ఆ నేల నిలవదు. "మట్టి నేల ఎంత చల్లగా ఉండేదో" అని మురిసిపోయేవాళ్లలో దాన్ని అలికిన చేతులు ఎన్నో చెప్పండి.

నేల సోకు కాదు, ఆరోగ్యం. 2000లో మెక్సికోలోని కోవాయిలా రాష్ట్రంలో 'పిసో ఫిర్మె' అనే పథకం పెట్టి పేదల ఇళ్లలో మట్టి నేల మీద సిమెంటు పోశారు. తర్వాత పరిశోధకులు లెక్క తీశారు. నేల పూర్తిగా సిమెంటుగా మారిన ఇళ్లలో పిల్లలకు కడుపులో పురుగులు 78 శాతం, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గాయి. ఈ ఫలితం ఏ మాత్రతోనో రాలేదు, నేలతో వచ్చింది.

మన దగ్గరకొద్దాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక బురద కడగడానికి ఫైరింజన్లు రావాల్సి వచ్చింది. టైల్స్, బండలు కడిగితే తేరుకున్నాయి. చెక్కపొడిని అదిమి చేసిన లామినేట్ పలకలు నీళ్లు తాగితే ఉబ్బిపోతాయి, పీకి పారేయడమే. అసలు చెక్క వేసినా కింద చెమ్మ, పైన చెద. పల్లంలో ఉన్న మనకి ఆ మోజు వద్దు. చెక్క రంగు నచ్చితే ఆ డిజైన్ టైల్సే దొరుకుతున్నాయి. నేలకి విట్రిఫైడ్ అడగండి, అది తన బరువులో అర శాతానికి మించి నీళ్లు పీల్చదు. రేగడి మీద నేరుగా వేయించొద్దు. తవ్వి గ్రావెల్ నింపి, దిమ్మిస కొట్టించి, కాంక్రీటు పోశాకే టైల్. బాత్రూములో జారనిది వేయించండి, ఇంట్లో ముసలివాళ్లుంటారు.

టైల్ కోసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. పొడిగా కోస్తే లేచే ధూళిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, ఆ జబ్బు నయం కాదు. నీళ్లు పోస్తూ కోయించండి, మాస్కు మీరే కొనివ్వండి. మన నేల మెరవడానికి ఇంకొకరి ఊపిరి పోకూడదు.

ఇక ప్రభుత్వం. వరదలో గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000 రూపాయలు ఇచ్చారు. నాలుగు వందల అడుగుల ఇంటికి టైల్, సిమెంటు, ఇసుక, కూలి కలిపి అడుగుకి వంద వేసుకున్నా 40,000. ఫ్రిజ్జు, మంచం, పిల్లల పుస్తకాల మాట అటుంచండి. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో మైదాన గ్రామాల్లో ఇంటికి కేంద్రం లెక్కగట్టింది 1,20,000. గోడ లేచి స్లాబ్ పడేసరికి ఆ డబ్బు అయిపోతుంది. నేల దగ్గరకొచ్చేసరికి వడ్డీ అప్పే దిక్కు.

కాబట్టి ఇల్లంటే నాలుగు గోడలూ పైకప్పూ మాత్రమే కాదని గట్టిగా అడుగుదాం. గట్టి నేల ఖర్చు ఇంటి లెక్కలో విడిగా రాయాలి, ఆ బిల్లు విడిగా ఇవ్వాలి. వరద పరిహారంలో నేల బాగుచేసుకునే ఖర్చు కలపాలి. గ్రామసభలో, వార్డు సచివాలయంలో ఈ మాట కాగితం మీద పెట్టి, అందినట్టు రసీదు తీసుకోండి.

జై భీమ్.