ఇంటర్న్‌షిప్ రికార్డులో కులానికి గడి లేదు

ఏటా వేలమంది బి.ఎడ్. విద్యార్థులు ఇంటర్న్‌షిప్ కోసం మన మహానగరాల ప్రభుత్వ బడుల్లో అడుగుపెడతారు. సంచిలో చార్టులు, పాఠ్య పథకాలు, రికార్డు పుస్తకాలు ఉంటాయి. కొన్ని వారాలు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరు సంతకాలు చేయించుకుని వెళ్లిపోతారు. రేపు ఈ దేశపు తరగతి గదులను నడపబోయేది వీళ్లే. అందుకే ఒక ప్రశ్న అడగాలి. ఆ వారాల్లో వాళ్లు చదివింది పాఠ్యపుస్తకాన్నా, పిల్లల్నా?

నేను ఉపాధ్యాయ విద్య మీద పిహెచ్.డి. చేస్తున్నాను. క్షేత్ర పరిశీలనలో భాగంగా హైదరాబాద్‌లోని ప్రభుత్వ బడుల్లో వెనక బెంచీలో కూర్చుని ఛాత్రోపాధ్యాయుల పాఠాలు విన్నాను, వాళ్ల రికార్డులు చదివాను, మధ్యాహ్నం వాళ్లతో మాట్లాడాను. నా వాదన ఒక్కటే. బడిలో కులం ఎక్కడెక్కడ పనిచేస్తుందో మన చట్టమే చోటు పేరు పెట్టి చెప్పింది. మన ఇంటర్న్‌షిప్ మాత్రం నల్లబల్ల దగ్గరే ఆగిపోతోంది.

ఈ ఇంటర్న్‌షిప్ ఎలా వచ్చిందో ముందు చూద్దాం. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక ఉపాధ్యాయ శిక్షణ దుస్థితిని బయటపెట్టింది. శిక్షణ సంస్థల్లో సుమారు 90 శాతం ప్రైవేటు చేతుల్లో ఉన్నాయని చెప్పింది. ఆ తర్వాత 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి కొత్త నిబంధనలు తెచ్చింది. ఏడాది బి.ఎడ్. రెండేళ్లయింది. బడిలో గడపాల్సిన కాలం 20 వారాలకు పెరిగింది. మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు. డాక్టరు ఆసుపత్రిలో తయారైనట్టే టీచరు బడిలో తయారవ్వాలన్న ఆలోచన సరైనదే. పేచీ అంతా ఆ 20 వారాల్లో ఏం చూడమంటున్నారు, దేనికి మార్కులు వేస్తున్నారు అన్న దగ్గర.

నేను కూర్చున్న తరగతుల్లో పాలమూరు నుంచి వచ్చి అడ్డా మీద కూలి వెతుక్కునేవాళ్ల పిల్లలున్నారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్ల పిల్లలున్నారు. ఇంట్లో గోర్ బోలి మాట్లాడే లంబాడా పిల్లలు, దక్కనీ ఉర్దూ మాట్లాడే ముస్లిం పిల్లలు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. తెల్లవారుజామున రోడ్లూడ్చే తల్లుల పిల్లలు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక్క గదిలో ఉండే వాచ్‌మన్ పిల్లలు కూడా అక్కడే.

శిక్షణ కళాశాలలు దీనికి పెట్టిన పేరు వైవిధ్యం. మాట బాగుంది. కానీ ఈ వైవిధ్యంలో ఎవరు లేరో కూడా చూడాలి. అపార్ట్‌మెంట్ కట్టినవాళ్ల పిల్లలు ఈ తరగతిలో ఉన్నారు, ఆ అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లు కొన్నవాళ్ల పిల్లలు లేరు. ఆధిపత్య కులాలు ఏనాడో ప్రభుత్వ బడిని ఖాళీ చేసి వెళ్లిపోయాయి. భాషలు, ఊళ్లు, మతాలు ఎన్నో ఉన్న ఈ గదిలో కూర్చున్నది దాదాపుగా దళిత, ఆదివాసీ, బీసీ, ముస్లిం పిల్లలే. దీన్ని వట్టి వైవిధ్యం అని పిలిస్తే ఈ పిల్లలంతా ఇక్కడికే ఎందుకు చేరారన్న ప్రశ్న మాయమవుతుంది. భాష గురించి, ప్రాంతం గురించి మాట్లాడి కులాన్ని దాటవేసే వీలు దొరుకుతుంది.

ఇప్పుడు రికార్డు తెరవండి. బోధనా లక్ష్యాలు, బోధనోపకరణాలు, ఉపాధ్యాయుని కృత్యం, విద్యార్థి కృత్యం, నల్లబల్ల పని, మూల్యాంకనం, ఇంటిపని. ఒక్కో పాఠానికి ఇవే గడులు. వీటితో పాటు పరీక్ష పెట్టి విశ్లేషించిన రికార్డు, కేస్ స్టడీ, క్రియాత్మక పరిశోధన. చివర్లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఫైనల్ లెసన్. పిల్లల జీవితం కాస్తయినా కనబడే అవకాశం కేస్ స్టడీలోనే ఉంది. అందులో కూడా నేను చదివినవాటిలో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉన్నాయి. విద్యార్థి చదువులో వెనకబడ్డాడు, కారణం తల్లిదండ్రుల నిరక్షరాస్యత, తండ్రి తాగుడు, ఇంట్లో శ్రద్ధ లేకపోవడం. బడి ఆ బిడ్డను ఎలా చూస్తోందన్నది ఎక్కడా ఉండదు. తప్పు ఎప్పుడూ బస్తీదే, బడిది ఎన్నడూ కాదు.

థియరీలో కులం లేదని అనను. సమకాలీన భారతదేశంలో విద్య, జెండర్, సమ్మిళిత విద్య వంటి పేపర్లు ఉన్నాయి. వాటిలో అసమానతల మీద వ్యాసప్రశ్నలు వస్తాయి. విద్యార్థులు జవాబులు రాసి పాసవుతారు. కానీ ఆ పేపరుకూ, ఆ బడికీ మధ్య దారి వేసే పని సిలబస్ చేయలేదు. పరీక్ష హాల్లో కులం ఒక జవాబు, బడిలో అది ఎవరికీ కనబడని గాలి.

చట్టం ఇంతకంటే ముందుంది. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బలహీన వర్గాల పిల్లల మీద వివక్ష జరగకుండా చూడటం ప్రభుత్వ బాధ్యత అని అది చెప్పింది. ఆ చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. తరగతి గదిలో, మధ్యాహ్న భోజనం దగ్గర, ఆట స్థలంలో, తాగునీరు, మరుగుదొడ్ల వాడకంలో, మరుగుదొడ్లనో తరగతి గదులనో శుభ్రం చేయించడంలో వివక్ష ఉండకూడదని అవి చోట్ల వారీగా చెప్పాయి. ఆ జాబితా ఎవరి ఊహలోంచో పుట్టింది కాదు. తరతరాలుగా మన పిల్లలు అవమానపడిన చోట్ల జాబితా అది. బాబాసాహెబ్ తన బడి రోజుల గురించి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసింది కూడా విడిగా వేసుకుని కూర్చున్న గోనెపట్టా గురించీ, ప్యూన్ తిప్పితే తప్ప తాకరాని కుళాయి గురించీ.

ఈ చోట్ల గురించి నా నోట్‌బుక్‌లో కొన్ని విషయాలు పదే పదే చేరాయి. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు "ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి" అన్న కేక వినబడుతుంది. అది విని లేచే పిల్లల్లో కొందరు పక్కవాడి వైపు చూడకుండా నిలబడతారు. స్వీపర్ రాని రోజు చీపురు ఎవరి చేతికి వస్తుందో గమనిస్తే ఆడపిల్లలే ఎక్కువ, వాళ్లలోనూ బస్తీ పిల్లలే ఎక్కువ. అన్నం బెల్లు కొట్టగానే ఛాత్రోపాధ్యాయులు స్టాఫ్ రూంలోకి వెళ్లి టిఫిన్ డబ్బాలు తెరుస్తారు. పిల్లలు తినే వరండాలో ఏం జరుగుతుందో వాళ్లకు తెలియదు, తెలుసుకోమని ఎవరూ చెప్పరు.

భాష సంగతీ అంతే. ఒక పిల్ల "నేను జెప్త సార్" అంటే "చెప్తాను అనాలి" అని ముందు మాట దిద్దుతారు. ఆమె చెప్పబోయిన జవాబు ఆ దిద్దుబాటు కింద పడి పోతుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి దశలవారీగా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఇంగ్లిష్ మన పిల్లల హక్కు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ గోర్ బోలి నుంచో, ఒడియా నుంచో ఇంగ్లిష్‌కు నడిపించాల్సిన టీచరు, పిల్ల ఇంటి భాష ఏమిటో అడగకుండానే 20 వారాలు పూర్తిచేయగలిగితే ఆ శిక్షణ ఎవరి కోసం?

ఇవి చెడ్డ టీచర్ల కథలు కావు. నేను చూసినవాళ్లలో చాలామంది పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్లే. అలవాటుగా జరిగిపోయేదాన్ని ఆగి చూడటం ఎవరూ నేర్పకపోతే ప్రేమ ఉన్నవాళ్లు కూడా ఆ అలవాటునే కొనసాగిస్తారు.

ఇంకో వైపు కూడా ఉంది. ఈ ఛాత్రోపాధ్యాయుల్లో చాలామంది మన ఇళ్ల నుంచే వచ్చినవాళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద సీటు తెచ్చుకుని, సంక్షేమ హాస్టల్లో ఉండి, రెండు బస్సులు మారి బడికి చేరతారు. వాళ్లకు నెలకు రూపాయి స్టైపెండ్ లేదు. చార్టులు, రికార్డులు, ఛార్జీలు అన్నీ సొంత డబ్బే. సాయంత్రం ట్యూషన్లు చెప్పి, ఆదివారం కేటరింగ్‌కు వెళ్లి ఈ ఖర్చు పూడ్చుకునేవాళ్లు నాకు తెలుసు. ఖాళీ పోస్టులున్న బడుల్లో టీచరు లేని తరగతులన్నీ వాళ్ల మీదే పడతాయి. ఉచితంగా టీచరు పని చేస్తారు గానీ స్టాఫ్ రూంలో టీచరు స్థానం దొరకదు. అక్కడ మొదటి రోజే వచ్చే ప్రశ్నలు మనందరికీ తెలిసినవే. ఏ ఊరు, ఇంటి పేరేంటి, ఏ హాస్టల్లో ఉంటున్నావు. నగరంలో కులం అడగరని ఎవరన్నారు? తిప్పి అడుగుతారు, అంతే. తన కులం గురించి జవాబు చెప్పుకోవడంలోనే అలిసిపోయిన యువతి, ఐదో తరగతి పిల్లాడి పక్షాన నోరు విప్పాలంటే వెనక ఒక వ్యవస్థ అండగా ఉండాలి.

నా సహ పరిశోధకులు కొందరు రెండు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, ఛాత్రోపాధ్యాయులు బడిలో అతిథులు, హెడ్మాస్టరు సంతకం మీద ఆధారపడినవాళ్లు, వాళ్ల మీద ఈ బరువు పెట్టడం న్యాయమా అని. ఇది నిజమైన చిక్కే. అందుకే నేను అడుగుతున్నది వాళ్లు ఫిర్యాదుదారులు కావాలని కాదు. చూసింది పేర్లు లేకుండా రాసి, బడి దాటి తమ కళాశాలలో చర్చించే చోటు కావాలని. రెండోది, కులం మాటెత్తితే పిల్లల మధ్య గీతలు పడతాయన్న భయం. ఆ గీతలు హాజరు పట్టీలోనే ఉన్నాయి, నిలబడమన్న కేకలో ఉన్నాయి. మాట్లాడకపోవడం వల్ల అవి చెరిగిన దాఖలా నాకెక్కడా కనబడలేదు.

మన పూర్వీకులు దీన్ని ఎంతో ముందే గ్రహించారు. 1848లో పుణెలో ఆడపిల్లల బడి మొదలుపెట్టిన సావిత్రిబాయి స్వయంగా ఉపాధ్యాయ శిక్షణ పొందిన మనిషి. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వినతిలో జోతిరావు ఫూలే ప్రాథమిక బడుల్లో టీచర్లు దాదాపు అందరూ బ్రాహ్మణులేనని ఎత్తిచూపారు. శిక్షణ ఉన్నవాళ్లు, మంచి జీతం ఉన్నవాళ్లు, పిల్లలతో కలిసిపోయి వాళ్ల అవసరాలు అర్థం చేసుకోగలవాళ్లు కావాలని కోరారు. హైదరాబాద్‌లో ఉర్దూ రాజ్యమేలిన కాలంలో భాగ్యరెడ్డి వర్మ ఆది-హిందూ పిల్లల కోసం తెలుగు బడులు నడిపారు. వీళ్లకు బడి అంటే గోడలు, పుస్తకాలు మాత్రమే కాదు. ఎదురుగా నిలబడిన మనిషి పిల్లవాణ్ణి ఎలా చూస్తాడన్నదే బడి.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. ఉపాధ్యాయ విద్య మళ్లీ రూపు మారుతోంది. 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బి.ఎడ్.ను కనీస అర్హత చేస్తామని జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ ఉన్నవాళ్లకు ఏడాది బి.ఎడ్. దారి కూడా తెరిచింది. ఏడాది కోర్సులో బడికి మిగిలే కాలమెంత? ఆ కాలంలో మార్కులు దేనికి? ఈ గడులు ఇప్పుడు ఎవరు గీస్తే రాబోయే తరం టీచర్లు అవే నింపుతారు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. నమూనా నియమాలు చెప్పిన చోట్లన్నిటి మీద ఒక్కో పరిశీలన రికార్డులో తప్పనిసరి చేయాలి. ప్రతి తరగతికి పిల్లల ఇంటి భాషల పట్టిక తయారుచేసి, దాని ఆధారంగానే పాఠ్య పథకం రాయించాలి. వారానికో రోజు పిల్లలతో కలిసి భోజనం చేయడం ఇంటర్న్‌షిప్‌లో భాగం కావాలి. ఫైనల్ లెసన్‌కు ఉన్నన్ని మార్కులు ఈ పరిశీలన మీద జరిగే సెమినార్‌కూ ఉండాలి. ఇంటర్న్‌షిప్ నెలలకు స్టైపెండ్ ఇవ్వాలి, కనీసం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులతో మొదలుపెట్టి. స్టైపెండ్‌కు ప్రభుత్వం దగ్గర డబ్బు కావాలి, నిజమే. మిగతావాటికి విశ్వవిద్యాలయ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక తీర్మానం చాలు.

ఇది చదువుతున్నవాళ్లలో ఆ బోర్డుల్లో కూర్చునే ఆచార్యులున్నారు, రేపు బడికి వెళ్లే ఛాత్రోపాధ్యాయులున్నారు. ఆచార్యులు తీర్మానం పెట్టాలి. విద్యార్థులు తీర్మానం కోసం ఎదురుచూడక్కర్లేదు. రేపు అన్నం బెల్లు కొట్టగానే స్టాఫ్ రూంకు కాకుండా వరండాలోకి వెళ్లి పిల్లల పక్కన కూర్చోండి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, నీళ్లు ఎవరు ముంచి పోస్తున్నారో, తిన్నాక వరండా ఎవరు ఊడుస్తున్నారో చూసి రాసుకోండి. రికార్డులో దానికి గడి లేకపోతే మార్జిన్‌లో రాయండి.